ప్రొపోలిస్, రాయల్ జెల్లీ, పుప్పొడి: నాన్నగారికి కొన్న పెట్టెలో ఏవి వాడదగినవి?

కందిచేను (నరసరావుపేట)

సభ్యులకు నమస్కారం. మా నాన్నగారికి 71 ఏళ్ళు. పదేళ్ళుగా మధుమేహం ఉంది, మోకాళ్ళు రెండూ అరిగాయి, చలి మొదలైతే దగ్గు పట్టుకుని సంక్రాంతి దాటినా వదలదు. కిందటి నెల మా దూరపు బంధువు ఒకాయన, గొలుసుకట్టు అమ్మకాల్లో చేరినవారు, ఇంటికి వచ్చి నాన్నగారి చేత పదకొండు వేల రూపాయల పెట్టె ఒకటి కొనిపించారు. అందులో ముడి తేనె సీసా, ప్రొపోలిస్ చుక్కల సీసా, రాయల్ జెల్లీ క్యాప్సూళ్ళు, పుప్పొడి డబ్బా, తేనెమైనం కలిపిన లేపనం ఉన్నాయి. పంచదార మానేసి పరగడుపున రెండు పెద్ద చెంచాల తేనె తాగాలనీ, మూడు నెలలు అన్నీ కలిపి వాడితే షుగరు మాత్రల అవసరమే ఉండదనీ చెప్పి వెళ్ళారు. "తేనె ఎవరికైనా చెడు చేస్తుందా" అని అమ్మ ఆయన పక్షం. పెట్టె తిరిగి ఇచ్చేద్దామని నేనంటే, చుట్టరికం చెడుతుందని నాన్నగారు మొహమాటపడుతున్నారు. వీటిలో దేనికి నిజంగా గుణముందో, దేనికి లేదో, దేనివల్ల హాని ఉందో తెలిసినవారు విడివిడిగా చెప్పగలరా?

రసాయని (వరంగల్)

కందిచేను గారూ, ముందుగా ఒక మనవి. ఆ ఐదింటినీ ఒకే గాటన కట్టకండి. తేనెటీగ వాటిని ఐదు వేర్వేరు అవసరాల కోసం సిద్ధం చేసుకుంటుంది. తేనె పూల మకరందం నుంచి వస్తుంది. మైనం కూలి ఈగ పొట్ట అడుగున ఉన్న గ్రంథుల నుంచి పలచని రేకులుగా ఊరుతుంది. రాయల్ జెల్లీ పిల్లల్ని సాకే ఈగల తలలోని గ్రంథుల స్రావం. ప్రొపోలిస్ అసలు చెట్టుదే, మొగ్గల మీది జిగురును ఈగ గీకి తెచ్చి పట్టులోని సందులు పూడుస్తుంది. పుప్పొడి కూడా పువ్వుదే, ఈగ దానిని కాస్త మకరందంతో తడిపి ఉండచేసి వెనక కాళ్ళకు తగిలించుకుని మోసుకొస్తుంది.

డిగ్రీ పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పిన అలవాటు కొద్దీ తేనె గురించి కొంచెం విస్తరిస్తాను. తేనెలో నీరు నూటికి 17 నుంచి 20 పాళ్ళు మాత్రమే, మిగిలినదంతా దాదాపు చక్కెరలే, వాటిలో ఫ్రక్టోజు ఎక్కువ, గ్లూకోజు దాని తరువాత. ఇంత చిక్కని ద్రవంలో సూక్ష్మజీవి పడితే దాని ఒంట్లోని నీటినే తేనె లాగేసుకుంటుంది. పైగా దానికి మంచి పులుపు గుణం ఉంది, పి.హెచ్. సుమారు 4 ఉంటుంది. వీటికి తోడు, ఈగ తన గ్రంథుల నుంచి గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును మకరందంలో కలుపుతుంది. తేనె చిక్కగా ఉన్నంతసేపూ ఆ ఎంజైము ఊరకే ఉంటుంది. గాయపు రసి తగిలి తేనె పలచబడగానే మేల్కొని, కొద్దికొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడు తయారు చేస్తుంది. మందుల షాపులో పుండ్లు కడగడానికి అమ్మే ద్రవంలో ఉండేది అదే, కాకపోతే ఇక్కడ కణాలను కాల్చేంత గాఢత ఉండదు. బాగా కాచిన తేనెలో ఎంజైము చచ్చిపోతుంది కనుక ఈ గుణం తగ్గిపోతుంది.

ఇక మీ నాన్నగారి విషయం. ఒక పెద్ద చెంచా తేనె 21 గ్రాములు తూగుతుంది, అందులో దాదాపు 17 గ్రాములు చక్కెరే. రెండు చెంచాలంటే ఎనిమిది చిన్న చెంచాల పంచదార పరగడుపున తాగినట్టు. కాఫీలో ఒక చెంచా మానేసి ఆ పక్కనే ఎనిమిది చెంచాలు పుచ్చుకోవడం ఏ లెక్కన మేలో నాకు అర్థం కాలేదు. దీనిని మాత్రం ఈ రోజే ఆపించండి. మాత్రలు ఆపడం గురించి ఆ బంధువుగారు చెప్పిన మాటను దయచేసి ఎవరూ పట్టించుకోకండి.

గాయాలవార్డు (హైదరాబాద్)

నేను ఇరవై రెండేళ్ళుగా శస్త్రచికిత్స విభాగంలో నర్సుగా పని చేస్తున్నాను. తేనె కట్టు వేసిన చేతులు కనుక ఆ వరకు చెప్పగలను. రసాయని గారు చెప్పినదంతా గాయం దగ్గర కంటికి కనిపిస్తుంది. దుర్వాసన రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది, గాజుగుడ్డ కొత్త చర్మానికి అతుక్కోకుండా సులువుగా లేచి వస్తుంది, రోగికి మార్చేటప్పుడు నొప్పి తక్కువ. ఇబ్బందులు కూడా ఉన్నాయి. ఒంటి వేడికి తేనె పలచబడి కట్టు అంచుల నుంచి కారుతుంది, దుప్పట్లు జిగటవుతాయి, పులుపు వల్ల కొందరికి మొదటి పది నిమిషాలు భగ్గున మండుతుంది.

మన పక్కనే సోలాపూర్‌లో ఎం. సుబ్రహ్మణ్యం అనే శస్త్రవైద్యుడు కాలిన గాయాలున్న 104 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు తేనె, మరొక జట్టుకు వెండి కలిసిన మామూలు లేపనం పూసి, ఫలితాలను 1991లో బ్రిటన్‌కు చెందిన శస్త్రచికిత్స పత్రికలో ప్రచురించారు. ఏడు రోజుల్లో తేనె జట్టులో నూటికి 91 మంది గాయాల్లో సూక్ష్మజీవులు పోయాయనీ, రెండో జట్టులో నూటికి 7 మందికే పోయాయనీ ఆయన రాశారు. అంత తేడా చూస్తే నమ్మకంతో పాటు అనుమానం కూడా కలగాలి, ఎందుకంటే ఏ రోగికి ఏది పూశారో వైద్యుడికి తెలుస్తూనే ఉంటుంది. అయినా 2015లో, వైద్య ప్రయోగాలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 26 ప్రయోగాలను ఒకచోట చేర్చి పరిశీలించినప్పుడు, లోతు తక్కువగా కాలిన గాయాలు తేనె కట్టుతో నాలుగైదు రోజులు ముందుగా మానుతున్నట్టు తేలింది. కాళ్ళ సిరల పుండ్లకు అలాంటి మేలు కనిపించలేదు. మధుమేహుల పాదాల పుండ్ల విషయంలో తేల్చి చెప్పలేమన్నారు.

ఇది చదివి వంటింటి సీసాలోని తేనెను గాయాలకు పూయకండి. ఆసుపత్రిలో వాడే తేనెలోని సూక్ష్మజీవుల బీజాలను గామా కిరణాలతో చంపి ఇస్తారు. ఒంటి మీద సాంబారు ఒలికితే మొదట చేయవలసినది తేనె, పేస్టు, ఇంకు రాయడం కాదు, కుళాయి నీటి ధార కింద ఇరవై నిమిషాలు పెట్టడం.

దగ్గుకు తేనె పని చేస్తుంది, ఇందులో అమ్మగారిదే గెలుపు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 2007లో 105 మంది పిల్లల మీద చేసిన ప్రయోగంలో, పడుకునే ముందు ఇచ్చిన తేనె వల్ల ఆ రాత్రి దగ్గు, నిద్ర రెండూ మెరుగుపడ్డాయి. ఇజ్రాయెల్‌లో 2012లో 300 మంది చిన్నపిల్లలకు మూడు రకాల తేనెలనూ, పోలిక కోసం చూపుకు తేనెలాగే ఉండే ఖర్జూరపు పాకాన్నీ ఇచ్చారు. పాకం తాగిన పిల్లలకూ కొంత నయమైంది, కానీ తేనె తాగినవారికి ఇంకా ఎక్కువ నయమైంది. అంటే గొంతును తీపి జిగురు కప్పడం వల్ల కలిగే ఉపశమనం కొంత, తేనె సొంత గుణం కొంత అనుకోవాలి. నాన్నగారికి దగ్గు ఎక్కువైన రాత్రి ఒక చిన్న చెంచా చాలు, దానిని కూడా ఆ రోజు పిండి పదార్థాల లెక్కలో వేసుకోండి. ఏటా అంతకాలం నిలిచే దగ్గుకు మాత్రం ఛాతీ పరీక్ష చేయించడం అవసరం.

అనుపానం (తిరుపతి)

నేను ఆయుర్వేద వైద్యుణ్ణి. తేనెను మా శాస్త్రం పొగడడమే అందరికీ తెలుసు, కట్టడి చేయడం తెలియదు. తేనెను యోగవాహి అన్నారు, అంటే తాను కలిసిన మందు గుణాన్ని మోసుకెళ్ళేది. సితోపలాది చూర్ణాన్ని తేనెలో రంగరించి నాకించడంలో తేనె పాత్ర అనుపానమే, అంటే మందుకు తోడుగా ఇచ్చేది, ప్రధానమైన మందు చూర్ణం. కొత్త తేనె ఒళ్ళు పెంచుతుందనీ, పాత తేనె కొవ్వును కరిగిస్తుందనీ రెంటికీ వేర్వేరు గుణాలు చెప్పారు. వేడి నీళ్ళలో నిమ్మరసం, తేనె కలిపి తాగితే సన్నబడతామనే నేటి వాడుకకు ఈ పాత తేనె మాటే ఆధారం కావచ్చు. కాని అదే శాస్త్రం తేనెను వేడి చేయరాదనీ, వేడి వస్తువుతో కలపరాదనీ నిషేధించింది. తేనె అతిగా తిని తెచ్చుకున్న అజీర్ణం కన్నా కష్టసాధ్యమైనది మరొకటి లేదని చరక సంహిత హెచ్చరిస్తుంది. రెండు పెద్ద చెంచాలు రోజూ పరగడుపున తాగమని ఏ గ్రంథమూ మధుమేహికి చెప్పలేదు. రాయల్ జెల్లీ, ప్రొపోలిస్ క్యాప్సూళ్ళకు ఆయుర్వేద ముద్ర వేసి అమ్మేవారిని ఏ గ్రంథంలో ఉన్నాయో అడిగి చూడండి.

తులసికోట (మచిలీపట్నం)

పెద్దలు కోపగించుకోకపోతే ఒక మాట. నాకు ప్రతి రెండు నెలలకూ నోటిలో పూత వచ్చేది. విటమిన్ మాత్రలు మింగి మింగి విసిగిపోయాను. ఏడాదిగా ప్రొపోలిస్ చుక్కలు నీటిలో కలిపి పుక్కిలిస్తున్నాను, పూత బాగా తగ్గింది. ఇది నా స్వానుభవం, ఎవరో చెప్పగా విన్నది కాదు. ప్రకృతి ఇచ్చినదాన్ని ఇంతగా శంకించాలా?

పెట్టెలమనిషి (ఏలూరు జిల్లా)

తులసికోట గారూ, మీ అనుభవాన్ని కాదనను. తేనెటీగలను పెట్టెల్లో పెంచేవాణ్ణి కనుక ప్రొపోలిస్‌తో నాకు రోజూ చేతి పని ఉంది. ఎండాకాలం అది పెట్టె మూత కింద జీడిపాకంలా సాగుతుంది, డిసెంబరు పొద్దున అదే చిటుక్కున విరుగుతుంది. వేలికి అంటితే సబ్బుకు లొంగదు, స్పిరిటు కావాలి. సీసాలోని చుక్కలు ఆల్కహాలుతో తీసినవై ఉండేది అందుకే. పట్టులో ఎలుక దూరి చస్తే, బయటికి లాగలేనంత బరువు కనుక ఈగలు దానిని ప్రొపోలిస్‌తో పూసి మూసేస్తాయి. కుళ్ళు వాసన రాదు. కాబట్టి దానికి సూక్ష్మజీవులను ఆపే శక్తి ఉందనడంలో నాకు సందేహం లేదు.

చిక్కు మరొకటి ఉంది. ఐరోపాలో ఈగ ఎక్కువగా పాప్లర్ మొగ్గల జిగురు తెస్తుంది, బ్రెజిల్ వారి ఆకుపచ్చ ప్రొపోలిస్ వేరొక పొద నుంచి వస్తుంది, రెంటిలోని పదార్థాలకు పోలికే లేదు. మన దేశపు పుట్ట తేనెటీగ అసలు ప్రొపోలిస్ జోలికే దాదాపు పోదు. మనం పెట్టెల్లో పెంచే ఐరోపా ఈగ, చెట్ల తొర్రల్లో ఉండే కొండిలేని చిన్న ఈగ మాత్రం తెస్తాయి. సీసా మీద ప్రొపోలిస్ అని రాసినంత మాత్రాన అది ఏ చెట్టు జిగురో కొన్నవారికి తెలియదు. ఒక దేశపు జిగురుతో చేసిన ప్రయోగాన్ని చూపి మరొక దేశపు జిగురును అమ్ముతున్నారు. పైగా నాతో పాటు శిక్షణ పొందినవారిలో ఇద్దరికి దానిని ముట్టుకుంటే వేళ్ళ మధ్య చర్మం పొక్కిపోతుంది.

రాయల్ జెల్లీ ఎలా తీస్తారో కూడా చెబుతాను, ధర ఎందుకంతో తెలుస్తుంది. రోజు కూడా నిండని పిల్లపురుగులను సన్నని సూదితో ఒక్కొక్కటిగా ఎత్తి ప్లాస్టిక్ గిన్నెల్లో పెట్టి, రాణి లేని పెట్టెలోకి దించుతారు. రాణిని తయారు చేసుకోవాలనే ఆత్రంతో ఈగలు ఆ గిన్నెలను పాలలాంటి జెల్లీతో నింపుతాయి. మూడో రోజు పురుగును తీసి పారేసి, అడుగున ఉన్న ఆ కాసింత జెల్లీని గరిటెతో గీకుతారు. ఒక గిన్నెకు పావు గ్రాము వస్తే గొప్ప. వెంటనే చల్లని చోట పెట్టకపోతే గుణం మారుతుంది. అది ఇంత శ్రమతో వస్తుంది కనుక ఖరీదు, అంతే. ఖరీదుకూ గుణానికీ సంబంధం ఉందని నేను అనుకోను.

శ్రావణమేఘం (ఖమ్మం)

కందిచేను గారూ, మీ ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉందా? మా చెల్లెలికి చిన్నప్పటి నుంచి ఉంది. నీరసంగా ఉందని ఒకావిడ సలహా మీద రాయల్ జెల్లీ క్యాప్సూలు వేసుకుంది. అరగంటలో పెదవులు ఉబ్బాయి, గొంతు పట్టేసింది, ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. అదృష్టవశాత్తు ఆసుపత్రి రెండు వీధుల అవతలే ఉంది. అడ్రినలిన్ సూది పడిన తరువాతే ఊపిరి తిరిగింది. డబ్బా మీద హెచ్చరిక ఎక్కడా లేదు.

రసాయని (వరంగల్)

శ్రావణమేఘం గారు చెప్పినది అరుదైనదే కాని కొత్తది కాదు. ఆస్ట్రేలియాలో రాయల్ జెల్లీ అమ్మాలంటే, ఉబ్బసం, అలర్జీ ఉన్నవారికి తీవ్రమైన ప్రతిచర్య, అరుదుగా మరణం కూడా సంభవించవచ్చని డబ్బా మీద ముద్రించడం తప్పనిసరి. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవారు కూడా దానికి దూరంగా ఉండాలి.

రాణి ఈగ రోజుకు రెండు వేల దాకా గుడ్లు పెడుతూ ఏళ్ళ తరబడి బతుకుతుంది, అదే గుడ్డు నుంచి వచ్చిన కూలి ఈగ వేసవిలో ఆరు వారాలకే పోతుంది. కనుక రాణి తిండి తింటే మనకూ ఆయుష్షు పెరుగుతుందనేది అమ్మేవారి వాదన. 2008లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు పిల్లపురుగుల్లో జన్యువుల మీద గుర్తులు వేసే ఒక ఎంజైము తయారు కాకుండా ఆపితే, వాటిలో ఎక్కువ భాగం రాణులుగా ఎదిగాయి. తిండి చేసే పని ఈగ జన్యువులోని ఆ మీటను కదపడమే. రాణిగా మార్చే అలాంటి మీట మన ఒంట్లో లేదు. ఎలుగుబంటి తిండి తింటే మనకు బొచ్చు మొలుస్తుందా?

ఆక్లాండ్_తెలుగు (న్యూజిలాండ్)

ఇండియా వెళ్ళే ప్రతి తెలుగువారి సూట్‌కేసులోనూ ఇక్కడి మనూకా అనే పొద పూల తేనె సీసా ఒకటి ఉంటుంది కనుక కొంచెం చెబుతాను. మామూలు తేనెకు బలమైన పెరాక్సైడును తనలోంచి తీసేసినా ఈ తేనె సూక్ష్మజీవులను చంపుతుందని ఇక్కడి వైకాటో విశ్వవిద్యాలయంలో పీటర్ మోలన్ ఏళ్ళ తరబడి చూపించారు. దానికి కారణమైన మిథైల్‌గ్లయాక్సాల్ అనే పదార్థాన్ని 2008లో జర్మనీలోని డ్రెస్డెన్ పరిశోధకులు గుర్తించారు. సీసా మీద కనిపించే ఎం.జి.ఓ. అంకె దానిదే. అంకె పెరిగే కొద్దీ ధర చుక్కలు చూపిస్తుంది. అయితే ఆ గుణం నిరూపితమైనది గాయం మీద నేరుగా పూసినప్పుడు. రొట్టె మీద రాసుకుని తింటే మామూలు తేనె కన్నా ఎక్కువ మేలని చూపే గట్టి ఆధారం లేదు. దగ్గుకు అరకు తేనె చాలు.

కందిచేను (నరసరావుపేట)

అందరికీ కృతజ్ఞతలు. తేనె తాగడం ఆపించాను. మరో మూడు సందేహాలు. మోకాళ్ళకు తేనెటీగలతో కుట్టించే చికిత్స ఉందని అదే బంధువుగారు అంటున్నారు. మా అక్క మనవడికి ఐదో నెల, వాడికి వస అరగదీసి తేనెలో నాకిస్తున్నారు. చివరగా, మా సీసాలోని తేనె అడుగున పంచదారలా పేరుకుంది, కల్తీయేనా?

గాయాలవార్డు (హైదరాబాద్)

రెండో ప్రశ్నకు ముందు జవాబు. ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్క కూడా వద్దు. వస పోయడం మన ఇళ్ళలో ముచ్చటే, కాని తేనెలో బొట్యులిజం అనే జబ్బు కలిగించే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు. పెద్దల పేగుల్లో అవి మొలవలేవు, పసివాడి పేగుల్లో మొలిచి విషం చిమ్ముతాయి. మలబద్ధకం, పాలు సరిగా పీల్చలేకపోవడం, ఏడుపు సన్నబడడం, మెడ వాలిపోవడం గుర్తులు. వీటిలో ఏది కనిపించినా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. తేనెను మరిగించినా ఆ బీజాలు చావవు.

కుట్టించే చికిత్స సంగతి. ఈగ విషం ఎండబెట్టిన బరువులో దాదాపు సగం మెలిటిన్ అనే పదార్థమే. గాజు పాత్రలో కేన్సర్ కణాలను అది చంపిందని 2020లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన వార్త అందరూ చూసే ఉంటారు, అది కణాల మీద, ఎలుకల మీద జరిగిన పని. నరాల జబ్బు అయిన మల్టిపుల్ స్క్లిరోసిస్ ఉన్న 26 మందికి నెదర్లాండ్స్‌లో వారానికి మూడుసార్లు కుట్టించి చూశారు, 2005లో వచ్చిన ఫలితం ప్రకారం ఏ మేలూ కనబడలేదు. స్పెయిన్‌లో రెండేళ్ళుగా ఇబ్బంది లేకుండా కుట్టించుకున్న 55 ఏళ్ళ మహిళ, ఒకనాటి కాటుకు స్పృహ తప్పి, తరువాత మరణించిన ఉదంతం 2018లో వైద్య పత్రికల్లో చర్చకు వచ్చింది. ఈగ విషం నిజంగా మందుగా నిలిచింది ఒక్కచోటే. ఈగ కాటుకు ప్రాణాపాయం కలిగే అలర్జీ ఉన్నవారికి, ఆ విషాన్నే అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి సూది ద్వారా ఇచ్చి, ఒంటికి అలవాటు చేస్తారు.

పెట్టెలమనిషి (ఏలూరు జిల్లా)

పద్దెనిమిదేళ్ళుగా వారానికి నాలుగైదు కాట్లు తింటున్నాను. నా మోకాళ్ళు కూడా మెట్లెక్కుతుంటే కటకటమంటూనే ఉన్నాయి.

పేరుకోవడం కల్తీకి గుర్తు కాదు. గ్లూకోజు ఎక్కువ ఉన్న తేనె, ముఖ్యంగా ఆవపూల తేనె, పొద్దుతిరుగుడు తేనె, తొందరగా గడ్డకడుతుంది. సీసాను గోరువెచ్చని నీళ్ళలో ఉంచితే కరుగుతుంది. అసలైన తేనె నీళ్ళలో కరగకుండా అడుగుకు దిగుతుందనీ, అగ్గిపుల్ల ముంచినా వెలుగుతుందనీ చెప్పే ఇంటి పరీక్షలు కల్తీకి కలిపే బియ్యపు పాకాన్ని పట్టలేవు. 2020లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్లకు చెందిన 22 నమూనాలను పరీక్షకు పెడితే, ఐదు మాత్రమే అన్నిటిలోనూ నెగ్గాయి. ఎక్కువ భాగం మన ప్రయోగశాల పరీక్షలు దాటి, జర్మనీలో చేసిన ఎన్.ఎం.ఆర్. అనే, అణువుల అమరికను అయస్కాంతంతో చదివే పరీక్షలో దొరికిపోయాయి. పట్టు దింపేటప్పుడు ఎదురుగా నిలబడి పట్టించుకున్న తేనెను మించిన భరోసా నాకు తెలియదు.

కందిచేను (నరసరావుపేట)

చివరికి జరిగింది చెబుతాను. వస నాకించడం అక్క ఆ రోజే మానింది. బంధువుగారికి రాయల్ జెల్లీ, పుప్పొడి, ప్రొపోలిస్ తిరిగి ఇచ్చాము. ఆయన తీసుకున్నారు, డబ్బు మాత్రం వచ్చే నెల అన్నారు. తేనె సీసా అమ్మ తన అధీనంలో పెట్టుకుంది. నాన్నగారు ఒక్క మైనం లేపనం మాత్రం ఇవ్వనన్నారు, రాత్రి పడుకునే ముందు మడమలకు రాసుకుంటే పగుళ్ళు మెత్తబడ్డాయట. ఆ చిన్న డబ్బా అయిపోవచ్చింది. మళ్ళీ ఆ కంపెనీ దగ్గర కొనకుండా ఇంట్లో చేసుకోవచ్చా?

పెట్టెలమనిషి (ఏలూరు జిల్లా)

నిక్షేపంగా చేసుకోవచ్చు. తూకానికి ఒక పాలు తేనెమైనం, నాలుగు పాళ్ళు నువ్వుల నూనె లేదా కొబ్బరి నూనె తీసుకోండి. మైనం 62 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, నేరుగా పొయ్యి మీద పెడితే అంటుకుంటుంది. కనుక నీళ్ళు కాగుతున్న గిన్నెలో మరొక గిన్నె పెట్టి అందులో కరిగించండి. నూనె కలిపి, దించి, గోరువెచ్చగా ఉన్నప్పుడే మూతి వెడల్పు డబ్బాలో పోయండి. ఆ గిన్నె మళ్ళీ వంటకు పనికిరాదు కనుక అమ్మగారిని అడిగి పాతది తీసుకోండి.

గాయాలవార్డు (హైదరాబాద్)

రాసే ముందు రోజూ మీరే పాదం ఎత్తి వెలుతురులో చూడండి. మధుమేహులకు పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది, పగులు లోతైనా ఆయనకు తెలియకపోవచ్చు. నెత్తురు గాని రసి గాని కనిపిస్తే లేపనం రాయకుండా డాక్టరుకు చూపించండి.

కందిచేను (నరసరావుపేట)

ఇప్పుడే చూశాను. కుడి మడమ పక్కన ఒక పగులులో ఎర్రగా ఉంది, నాన్నగారు నొప్పేమీ లేదంటున్నారు. రేపు పొద్దున్నే తీసుకెళ్తాను.